మంచాలు మార్చిన టర్ము

ఒక బడి హాస్టల్లో కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయి మొన్న మా ఇంటికి వచ్చింది. ఇల్లంటే రాంగోపాల్‌పేట్‌లో మేడ మీద ఒక గది, వంటకు ఒక మూల. ఆ అమ్మాయి చదివిన కోర్సు పేరులోనే పిల్లల మానసిక క్షేమం అనే మాట ఉందట. "మేడమ్, మీరు ఇన్నేళ్ళు చేశారు కదా, అసలు ఈ పనిలో ఏం చెయ్యాలో రెండు ముక్కలు చెప్పండి" అని అడిగింది. ఆమె టీ చల్లారిపోయేదాకా ఏదేదో మాట్లాడాను. ఆమె మెట్లు దిగి వెళ్ళాక ఆలోచిస్తే చెప్పవలసిన ముక్క చెప్పనే లేదు. నా దగ్గరికి మనుషులు రావడం తక్కువ. వచ్చినప్పుడు మాటలు ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. అందుకని కుదురుగా కూర్చుని ఇది రాస్తున్నాను.

నా ఉద్యోగానికి పేర్లు మారుతూ వచ్చాయి. మొదట మేట్రన్ అన్నారు, తర్వాత స్టడీ ఇన్‌ఛార్జి అన్నారు, చివరికి లెర్నింగ్ సపోర్ట్ అన్నారు. పని మాత్రం ఒక్కటే. ఇల్లు వదిలి వచ్చిన ఆడపిల్లల మధ్య ఉండటం.

బడికి వెళ్ళనిదాన్ని

నేను బడికి వెళ్ళి చదువుకోలేదు. చిన్నప్పుడు కీళ్ళజ్వరం వచ్చి గుండె బలహీనపడింది. పరుగులూ మెట్లూ వద్దన్నాడు డాక్టరు. నాన్నగారు కాకినాడ వైపు నుంచి రైల్వే గుమాస్తాగా సికింద్రాబాద్ వచ్చారు. మాది రైలు కూత వినబడే ఇల్లు. అమ్మే నా పంతులమ్మ. ఆమె కత్తిపీట ముందు కూర్చుని కూరలు తరుగుతూ పక్కన పుస్తకం తెరిచి పెట్టుకుని పైకి చదివేది, నేను మంచం మీద పడుకుని వినేదాన్ని. స్తోత్రాలూ అలాగే వచ్చాయి, ఎక్కాలూ అలాగే వచ్చాయి. మెట్రిక్ ప్రైవేటుగా కట్టాను. డిగ్రీ దూరవిద్యలో అయింది.

మెట్రిక్ పరీక్ష హాల్లోనే మొదటిసారి నా పక్కన నా ఈడు పిల్ల ఒకతె కూర్చుంది. రబ్బరు అడిగింది. ఇవ్వవచ్చో లేదో తెలియక ముందుకే చూస్తూ ఉండిపోయాను. బెంచీ మీద పక్కపిల్ల అంటే నాకు తెలిసింది అంతే.

అమ్మానాన్నా పోయాక ఇల్లు ఖాళీ చెయ్యవలసి వచ్చింది. అదే వారంలో గుళ్ళో పరిచయమైన ఒకావిడ ఫలానా హాస్టల్లో మేట్రన్ కావాలట, గది కూడా ఇస్తారట అని చెప్పింది. ఆవిడ పేరు నా పొద్దుటి దీపం దగ్గర ఇప్పటికీ తలుచుకుంటాను. దేవుడు నాకు పెళ్ళీ పిల్లలూ ఇవ్వలేదని జాలిపడేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే: తలదాచుకోవడానికి చోటు అడిగితే పిల్లలతో నిండిన చోటు ఇచ్చాడు.

పనంటే ఇదీ

పొద్దున జడలు, పేలు, నీళ్ళు పోని బాత్‌రూములు. మొదటిసారి బయటచేరి బెదిరిపోయిన పిల్లలు. ఆదివారం తల్లిదండ్రులు తెచ్చిన పచ్చళ్ళ మీద తగువులు. సాయంత్రం స్టడీ అవర్. మీకు ఏ కోర్సులో ఏం నేర్పినా రోజు గడిచేది వీటితోనే.

ఏడ్చే పిల్లను చూసి మరీ కంగారుపడకండి. ఆదివారం అమ్మానాన్నా వచ్చి వెళ్ళాక ఏడవడం ఆరోగ్యం. వాళ్ళు గేటు దాటగానే చెప్పులు వరుసగా సర్దుకుని, దుప్పటి మడత పెట్టి, "నాకేం లేదు మేడమ్" అనే పిల్ల పక్కన కూర్చోండి. ఎదురుగా కుర్చీ వేసి "నీ కష్టమేమిటో చెప్పు" అంటే ఏ పిల్లా చెప్పదు. చేతికి పని ఇచ్చి అడగండి. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూనో, ఉతికిన బట్టలు మడత పెడుతూనో పిల్లలు చెప్పినన్ని నిజాలు ఆఫీసు గదిలో చెప్పరు.

ఇంకొకటి. మార్కులు తగ్గితే మనసు బాగాలేదంటాం, మనసు బాగాలేకపోతే చదువు అబ్బలేదంటాం. రెంటిలో ఏది ముందు వచ్చిందో చూసే ఓపిక మనకు ఉండదు. నేను చెప్పబోయేదంతా దాని గురించే.

ఇంతమంది పిల్లల్లో ఒంటరితనమేమిటని ఆ అమ్మాయి నన్ను అడిగింది. పిల్లలు మనవాళ్ళు కారు. వాళ్ళ అల్లరి మనది, భోజనాల చప్పుడు మనది, జ్వరం మనది. పిల్లలు మాత్రం ఏప్రిల్ రాగానే పెట్టెలు సర్దుకుని వెళ్ళిపోతారు. వేసవిలో అంత పెద్ద భవనంలో నేనూ, వంటావిడ యాదమ్మా మిగిలేవాళ్ళం. "ఏం మేడమ్, పిల్లలుంటె తలనొప్పంటవు, పోతె జ్వరమొచ్చినట్టు కూసుంటవు" అని యాదమ్మ వెక్కిరించేది. ఈ పనిలో చేరేవాళ్ళు దీనికి సిద్ధపడి రండి. దీనికి మందు నాకు దొరకలేదు.

విమలా మేడమ్ రూలు

నాకు పైన చాలామంది వార్డెన్లు పనిచేశారు. వాళ్ళలో విమలా మేడమ్ దగ్గర నేర్చుకున్నంత ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. భర్త మిలిటరీలో చేసి పోయారు. కంటోన్మెంటులో చాలా కాలం ఉన్న మనిషి. నడక, మాట, చీర మడత అన్నీ కొలత ప్రకారం.

ఆమె పెట్టిన రూలు ఒకటి ఉండేది. ప్రతి టర్ము మొదటి రోజున డార్మిటరీలో మంచాలు మార్చాలి. ఎవరి పక్కన ఎవరు పడుకోవాలో ఆమే చెప్పేది. పిల్లలు పరుపు చుట్ట భుజాన వేసుకుని, బకెట్టు చేత పట్టుకుని ఒక గదిలోంచి ఇంకో గదికి పోతుంటే రైల్వే ప్లాట్‌ఫారమ్ లాగా ఉండేది. కొందరు ఏడ్చేవాళ్ళు.

ఆ రూలు ఉత్త పెత్తనం కాదు. ఆమె రాకముందు ఒక ఏడాది నలుగురు పిల్లలు జట్టుకట్టి ఒక పిల్లను మాట్లాడకుండా వెలివేశారు. ఆ పిల్ల బడి మానేసి వెళ్ళిపోయింది. "సుభద్రగారూ, జట్లు కట్టనివ్వకూడదు. ఎవరి పక్కన పడుకున్నా నిద్రపట్టాలి, అదే ట్రైనింగ్" అనేది. నాకు ఆ మాట నచ్చింది. నా పక్కన ఎవరూ లేకుండానే పెరిగినదాన్ని, నాకు అది సహజమే అనిపించింది.

ఇద్దరు పిల్లలు

సమీనా ఆరో తరగతిలో చేరింది. వాళ్ళ నాన్న ఖాజా మియాకు జనగామలో గాజుల దుకాణం. వాళ్ళింట్లో బడి హాస్టల్ దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల ఆమె. ప్రసన్న వాళ్ళది భీమవరం వైపు నుంచి వచ్చిన కుటుంబం, తండ్రి కాంట్రాక్టు పనుల మీద ఊళ్ళు తిరుగుతుంటాడని హాస్టల్లో పెట్టారు. మొదటి ఏడాది ఇద్దరికీ పక్కపక్క మంచాలు పడ్డాయి. తర్వాతి టర్ముల్లో మంచాలు మారినా ఒకే గదిలో ఉండటం వల్ల వాళ్ళు విడిపోలేదు. జడలు వేసుకునేటప్పుడూ, అన్నం దగ్గరా, ఎప్పుడు చూసినా ప్రసన్న పుస్తకం తెరిచి పైకి చదువుతుండేది, సమీనా ఆనుకుని కూర్చునేది. చూడముచ్చటగా ఉండేది. ఇద్దరికీ మంచి మార్కులే వచ్చేవి. సమీనాకు స్పెల్లింగులు మాత్రం ఘోరం. అజాగ్రత్త అని టీచర్లు ఎర్రగీతలు పెట్టేవాళ్ళు.

ఎనిమిదో తరగతి మొదటి టర్ములో విమలా మేడమ్ ప్రసన్నను పై అంతస్తుకు మార్చింది. నెల తిరగకుండా సమీనా మార్కులు పడిపోయాయి. ఒక్క సబ్జెక్టు కాదు, అన్నీ. స్టడీ అవర్‌లో పుస్తకం ముందు పెట్టుకుని మెట్లవైపు చూస్తూ కూర్చునేది. అన్నం తగ్గింది. కడుపునొప్పి అనేది, తలనొప్పి అనేది. ప్రసన్న గదికి వెళ్ళి పట్టుబడింది. ఒకసారి, రెండుసార్లు, ఇంకా.

"ఇది మరీ ఓవర్ అటాచ్‌మెంట్. ఒకరు లేకపోతే ఒకరు బతకలేనట్టు. ఇప్పుడే తుంచకపోతే కష్టం" అంది విమలా మేడమ్.

"అవునండీ" అన్నాను.

ఇద్దరికీ భోజనాల బల్లలు వేరు చేశాం. స్టడీ హాల్లో ఆ మూల ఒకరు, ఈ మూల ఒకరు. జబ్బు ఎక్కువైన కొద్దీ మందు పెంచాం. సమీనా ఇంకా దిగజారింది. దిగజారిన కొద్దీ మేం అనుకున్నదే నిజమనుకున్నాం.

యాదమ్మ ఒక్కతే గొణిగేది. "గా పిల్లలను గట్ల ఇడదీస్తే పాపం మేడమ్. కోడిపిల్లలకు సుత తోడు కావాలె."

"నీకు తెలియదులే యాదమ్మా."

"నాకేమెరుక, నేను అన్నం వండెటిదాన్ని" అని గరిటె గిన్నెకేసి కొట్టేది.

నిజానికి అప్పటికి అసలు సంగతి ఆమెకూ తెలియదు.

ఖాజా మియాను పిలిపించారు. మనిషి మెత్తన. కుర్చీ చూపించినా కూర్చోడు. "ఏడుస్తుంటె ఎందుకు మేడమ్ ఈడ? మనసొప్పకుంటె ఇంటికాడనే ఉంటది. దుకాణంల కూసుంటది. హాఫ్ ఇయర్లీ చూస్త. గప్పటికి సుత గిట్లనె ఉంటె తోల్కపోత" అన్నాడు. తండ్రి చెయ్యి పట్టుకుని సమీనా ఒక్కటే మాట అంది: "నేను పోను అబ్బా." ఎందుకు పోవో చెప్పమంటే చెప్పలేదు. ఆ పిల్లకు సైన్సు పాఠాలంటే ప్రాణం. ఒళ్ళు లోపల ఏముంటుందో అడిగి అడిగి టీచర్లను విసిగించేది. తీసుకుపోతే ఆ బడి చదువు అంతే సంగతులు. ఇంట్లో చెల్లెళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళకూ దారి మూసుకుపోతుంది. ఇది మా అందరికీ తెలుసు. ఏం చెయ్యాలో మాత్రం ఎవరికీ తెలియదు.

జ్వరం గది

వానలు తగ్గాక హాస్టల్లో జ్వరాలు మొదలయ్యాయి. జ్వరం గదిలో రెండు మంచాలు. ఒకదాని మీద సమీనా గోడవైపు తిరిగి పడుకుంది. రెండోదాని మీద పదో తరగతి పిల్ల. ఆమెకు స్లిప్ టెస్టు దగ్గర పడింది, కళ్ళు మంటలంటోంది. మధ్యాహ్నం వేళ ఆమె పుస్తకం తీసుకుని నేనే పైకి చదివాను. గుండె పాఠం. మా అమ్మ నాకు చదివినట్టే మధ్యమధ్య తెలుగులో విడమరిచి చెప్పాను.

మర్నాటికి పదో తరగతి పిల్ల తగ్గి వెళ్ళిపోయింది. నేను కిటికీ దగ్గర మందుసీసాలు తుడుస్తున్నాను. గోడవైపు నుంచి చిన్న గొంతు వినబడింది. సమీనా తనలో తాను అనుకుంటోంది. గుండెకు నాలుగు గదులు, పై రెండూ కర్ణికలు, కింది రెండూ జఠరికలు. ఇంగ్లీషు వాక్యం ఇంగ్లీషులోనే, నా తెలుగు తెలుగులోనే. నా గొంతు ఆపే చోట ఆపుతోంది. ఎడమ జఠరిక గోడ మిగతావాటికంటే మందంగా ఉంటుందనే దగ్గరికి వచ్చింది.

"మందంగా... యాదమ్మా, గంజి కాస్త జారుగా కాచవే, నిన్నటిది గరిటె నిలబడింది... మందంగా ఉంటుంది. ఎందుకంటే ఒళ్ళంతటికీ రక్తం తోసేది అదే."

నవ్వు ఆపుకోలేకపోయాను. సమీనా ఉలిక్కిపడి ఇటు తిరిగింది.

"గంజి సంగతి పుస్తకంలో లేదే!"

"అంటె... మీరు గట్లనె అన్నరు గద మేడమ్."

"ఒక్కసారి వింటేనే వచ్చేసిందా? అది పదో తరగతి పాఠం."

"ఇంటె వస్తది."

అప్పుడు నా నవ్వు ఆగిపోయింది. వింటే వచ్చే పిల్లకు మార్కులెందుకు పోయాయి? ఆమె సైన్సు పుస్తకమే తీసి చేతికిచ్చాను. "ఈ నాలుగు వరుసలు చదువు తల్లీ." తీసుకుంది. వేలు పెట్టింది. పెదాలు కదిలాయి. చాలాసేపటికి ఒక మాట వచ్చింది, అదీ తప్పు. చెమట పట్టింది. తెలుగు పుస్తకం ఇచ్చాను. అదీ అంతే.

"అక్షరాలు అన్నీ ఎరుకే మేడమ్. ఒక్కొక్కటి అడుగుండ్రి, చెప్త. వరుసల నిలవడితెనే పరేషాన్. జెరసేపు చూస్తె అటిటు అయితయి."

"మరి ఇన్నాళ్ళూ?"

"ప్రసన్న సదివేది, నేను ఇనేది. దానికి సుత మంచిగ యాదికుండేది. పరీక్షల ప్రశ్నల ఒక్క పెద్ద మాట గుర్తువడితె చాలు, ఇగ అంత రాసేది."

"మాకెందుకు చెప్పలేదు?"

"చెప్తె ఇంటికి పంపుతరని."

గోడవైపు తిరిగి దుప్పటి మీదికి లాక్కుంది. ఆ పిల్ల మెట్లవైపు చూసింది స్నేహితురాలి కోసమే, కాదనను. కానీ ఆమె పోగొట్టుకున్నది తోడును మాత్రమే కాదు, కళ్ళను కూడా. ప్రేమ ముదిరిందనుకుని మేం ఆ కళ్ళను ఇంకా ఇంకా దూరం పెడుతూ వచ్చాం. బడి టీచరయితే తరగతిలో చదివించి పట్టుకునేదేమో. కానీ తరగతిలో నలభైమంది. సమీనా వంతు వచ్చేసరికి ప్రసన్న చెవిలో అందించేది. హాస్టల్లో మేం చూసేది మంచాలు, కంచాలు, కన్నీళ్ళు. కళ్ళెదుట చదువు సాగుతున్నా అందులో స్నేహమే చూశాం.

పెద్దావిడ పద్ధతి

ఆ సాయంత్రమే విమలా మేడమ్‌కు చెప్పాను. విని, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"అయితే ఇది ఫ్రెండ్‌షిప్ ప్రాబ్లమ్ కాదు."

"కాదండీ."

"అది ప్రాబ్లమ్ అని నేనన్నాను. మీరు అవునండీ అన్నారు."

"అవునండీ."

"మళ్ళీ అవునండీయేనా!" అంది. కోపం నా మీద కాదని తెలుస్తూనే ఉంది.

మర్నాడు సాయంత్రం ప్రార్థన అయ్యాక పిల్లలందరి ముందూ నిలబడింది. "మంచాలు మార్చడం నా రూల్. ఒకరి విషయంలో ఆ రూల్ వల్ల నష్టం జరిగింది. ఎవరని అడగొద్దు. పొరబాటు నాది. అలవాటు లేనిచోట పడుకోవడం నేర్పాలనుకున్నాను, ఎవరికి ఏం కావాలో అడగడం మర్చిపోయాను. ఇకనుంచి మార్చేముందు అడుగుతాను." అంతే చెప్పి కూర్చుంది. వెనక వరసలో ఒక చిన్నపిల్ల చప్పట్లు కొట్టబోతే పక్కపిల్ల చెయ్యి పట్టుకుని ఆపింది.

మీకు ఎలాంటి పైవాళ్ళు దొరుకుతారో నాకు తెలియదు. పొరబాటు జరగని పైవాళ్ళు ఉండరు. దాన్ని పిల్లల ముందు పైకి చెప్పినవాళ్ళను నా ఉద్యోగంలో ఆమెనొక్కదాన్నే చూశాను. దేవుడు ఆమె దగ్గర పని చేయించినందుకు కృతజ్ఞురాలిని.

ప్రసన్న మాట

ఇక మందు తెలిసిపోయిందనుకున్నాం. ప్రసన్నను మళ్ళీ కింద గదికి, సమీనా పక్క మంచానికి మార్చాలి. కబురు నేనే మోసుకెళ్ళాను. పిల్ల ఎగిరి గంతేస్తుందనుకుంటూ మెట్లెక్కాను.

ప్రసన్న బట్టలు మడత పెట్టుకుంటోంది. విషయం చెప్పగానే చేతిలో లంగా అలాగే ఉండిపోయింది.

"మళ్ళీ అక్కడికేనా మేడమ్?"

"ఏమ్మా, పోట్లాడుకున్నారా?"

"లేదండి. సమీనా చాలా మంచిదండి." కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నేను నా చదువు చదువుకుంటున్నది ఈ టర్ములోనే మేడమ్. ఇదివరకు ప్రతి పాఠం గట్టిగా చదవాలండి. నాకు లెక్కలు చేసుకోవాలని ఉన్నా ముందు తనకి సోషల్ చదవాలి. గొంతు నొప్పెట్టినా చదవాలి. నేను ఇంటికెళ్తే అదేం చేస్తుందోనని ఇంటికెళ్ళినా బెంగే. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకుంది. పైకి మార్చినప్పుడు ముందు ఏడ్చాను. తర్వాత..." ఆగింది. "తర్వాత హాయిగా ఉందండి. ఇలా అనడం పాపమా మేడమ్?"

ఆ పిల్ల వయసు పదమూడు. పెద్దవాళ్ళం మా వల్ల కానిది ఆమె రెండేళ్ళు భుజాన మోసింది. మేం చూడముచ్చటగా ఉందని మురిసిపోయాం.

"పాపం కాదు తల్లీ. నీ పని అయిపోయింది. ఇక నేను చూసుకుంటాను."

"తను అడిగితే ఏం చెప్తారు?"

"ఉన్నదే చెప్తాను."

ఈ ఉద్యోగంలో చేరేవాళ్ళకు నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే. మంచి పిల్ల దొరికితే ఆమె మీద బరువు వెయ్యకండి. ఏడ్చేదాని పక్కన కూర్చోబెట్టడానికి, మందకొడిదానికి చెప్పడానికి, కొత్తదాన్ని చూసుకోవడానికి ప్రతి హాస్టల్లోనూ ఒక ప్రసన్న దొరుకుతుంది. జీతం లేని ఆయా ఆమె. తోటిపిల్లకు సాయం చెయ్యడం మంచిదే. సాయం మానుకునే వీలు కూడా ఆ పిల్లకు ఉండాలి.

ఇస్త్రీ గది

సమీనాకు చెప్పడానికి ఇస్త్రీ గదికి తీసుకెళ్ళాను. వెచ్చగా, గంజి వాసనతో ఉంటుంది ఆ గది. యూనిఫాం చొక్కాలు మడత పెట్టమని ముందు వేశాను.

"ప్రసన్న రాదా?" తనే అడిగింది.

"రాదమ్మా."

"నన్ను తిట్టిందా?"

"తిట్టలేదు. మంచిదని చెప్పింది. అలిసిపోయానంది."

ఒక చొక్కా మడత పెట్టింది, విప్పి మళ్ళీ పెట్టింది. "నాకెరుకే మేడమ్. సదువుతుంటె దాని గొంతు బొంగురువోయేది. నేను ఉరికి నీళ్ళు తెచ్చేది. నీళ్ళు తాగితె మళ్ళ సదువుతది గద అని."

ఏడ్చింది. నేను ఓదార్చలేదు. అంత నిజం చెప్పిన పిల్లను ఏం చెప్పి ఓదారుస్తాం? చొక్కాలు మడత పెడుతూ పక్కన కూర్చున్నాను.

ఆ రోజు నుంచి బడి వదిలాక, స్టడీ అవర్‌కు ముందు, ఆ గదిలో నేను చదివేదాన్ని, ఆమె బట్టలు మడత పెడుతూ వినేది. బడివాళ్ళు ఒక స్పెషల్ టీచరును వారానికోసారి రప్పించారు. ఇసకలో వేలితో అక్షరాలు దిద్దించడం, మాటను ముక్కలుగా విరిచి చప్పట్లు కొట్టించడం, ఇవన్నీ ఆమె నేర్పింది. నాకు రాని విద్య అది. ఆమెది చదవడం నేర్పే దారి. నాది చదవడం వచ్చేలోగా పాఠాలు జారిపోకుండా పట్టుకునే దారి. రెండూ కావాలి. పరీక్షలో ప్రశ్నలు ఎవరైనా చదివి వినిపించాలని ఆమె రాసిచ్చింది. లెక్కల సారుకు నచ్చలేదు. "ఒకరికి చదివితే రేపు అందరూ అడుగుతారు" అన్నాడు. విమలా మేడమ్ తల ఎత్తకుండానే "అడగనివ్వండి, కావలసినవాళ్ళకు చదువుదాం. నోరు అరిగిపోదు" అంది.

నా పాఠాలు వింటూ ఒక్కోసారి సమీనా నన్ను ఆటపట్టించేది. "మేడమ్, మీరు సదివితె మధ్యల వంకాయలు, గ్యాసు బండ అన్నీ వస్తయి. పరీక్షల రాయాల్నా?" పైకి చదువుకునే తోడు నాకు మళ్ళీ దొరికింది. అమ్మ పోయాక మా ఇంట్లో ఎవరూ పైకి చదవలేదు.

ఖాజా మియా వచ్చిన రోజు

హాఫ్ ఇయర్లీ మార్కులు ఇచ్చే రోజున ఖాజా మియా వచ్చాడు. చేతిలో మడత పెట్టిన పెద్ద గుడ్డసంచి. కూతురి బట్టలు వేసుకుపోవడానికి తెచ్చాడని చూడగానే అర్థమైంది.

విమలా మేడమ్ అంతా వివరించింది. మార్కులు గొప్పవేం కావు. సైన్సు బాగుంది, మిగతావి గట్టెక్కాయి, హిందీ పోయింది. ఆయన సంచి రెండు చేతులతో పట్టుకుని విన్నాడు.

"అంటె నా బిడ్డకు బీమారా మేడమ్?"

"బీమారీ కాదు. కళ్ళతో చదవడం ఆలస్యంగా వస్తుంది. చెవితో బాగా వస్తుంది."

"ఎన్నడొస్తది?"

"చెప్పలేను. పూర్తిగా రాకపోవచ్చు కూడా."

ఆయన ముఖం ఎర్రబడింది. "మా గల్లీల నవ్వుతరు మేడమ్. సికింద్రాబాద్ల సదివిస్తున్నడు, బిడ్డకు బోర్డు సుత సదవరాదని." కూతురివైపు తిరిగాడు. "మీ అమ్మ రోజూ ఏడుస్తది బిడ్డా. పోదమా? ఇంటికాడ అందరుంటరు. ఈడ నీకు గా దోస్తు సుత లేకపాయె."

చెప్పవలసింది సమీనాయే. మేమెవరం మాట్లాడినా అది మా మాట అవుతుంది.

"నేను ఉంట అబ్బా."

"ఒక్కదానివేనా?"

"ఒక్కదాన్నే. ఇగ నాకు మార్కులు వోయినా దేనికి వోయినయో ఎరుకయితది. ఇంటికొస్తె ఎవ్వలకు ఎరుక?"

తండ్రి సంచిని ఇంకో మడత పెట్టాడు. గేటు దాకా నేను సాగనంపాను. "ఖాళీ సంచి ఎట్ల తీస్కపోత మేడమ్" అన్నాడు, నవ్వబోయి నవ్వలేక. "మోండా మార్కెట్ల అల్లం, ఎల్లిగడ్డ కొంటపోత. జనగామల కన్న ఈడ మంచిగుంటది." స్టేషన్ వైపు నడిచాడు. ఒకసారి వెనక్కి చూసి చెయ్యెత్తాడు. అది నాకు కాదు, కిటికీలో నిలబడ్డ కూతురికి.

వెనక్కి వచ్చేసరికి మధ్యాహ్నం భోజనాల గంట కొట్టారు. బల్లల ఆంక్షలు విమలా మేడమ్ ఎప్పుడో తీసేసింది, ఎవరిష్టం వచ్చినచోట వాళ్ళు కూర్చుంటున్నారు. సమీనా కంచం పట్టుకుని వచ్చింది. ఆమె వెళ్ళిపోవడం లేదని అప్పటికే హాలంతా తెలిసిపోయింది. బల్ల మధ్యలో ఉన్న ప్రసన్న ఆమెను చూసి, పక్కపిల్లను జరగమని, తను జరిగి, చోటు చేసింది. ఆ పిల్ల ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది: పిలవాలనీ ఉంది, వస్తే మళ్ళీ మొదలవుతుందేమోనన్న భయమూ ఉంది.

సమీనా ఆ చోటు దగ్గర ఆగింది. ప్రసన్న భుజం మీద చెయ్యి వేసింది.

"ఇయ్యాల వద్దులే" అంది మెల్లగా. "నువ్వు తిను."

గోడవారగా ఎవరూ లేని బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

నేను వడ్డించే చోట నిలబడ్డాను. వెళ్ళి పక్కన కూర్చుందామని కాళ్ళు లాగాయి. వెళ్ళలేదు. ఆ చోట ఆమెను విమలా మేడమ్ కూర్చోబెట్టలేదు, నేను కూర్చోబెట్టలేదు, భయం కూర్చోబెట్టలేదు. హాస్టల్‌కు వచ్చాక ఆ పిల్ల తనంతట తాను ఎంచుకున్న మొదటి చోటు అది. ఎంత ఒంటరిగా ఉన్నా అది ఆమెది.

"పప్పు పోస్తవా లేదా మేడమ్, పిల్లలు లైన్ల నిలవడ్డరు" అంది యాదమ్మ.

నేను గరిటె అందుకున్నాను.